శుద్ధి ఎక్కడ ముగుస్తుంది, దుబారా ఎక్కడ మొదలవుతుంది?

తక్కువ నీటితో పనిచేసే ఫ్లష్ ట్యాంకు పెట్టించుకోమని ఎవరికైనా చెప్పి చూడండి. “మా డబ్బుతో తెప్పించుకున్న నీళ్లు మేం ఎంత వాడుకుంటే ఎవరికేం?” అనే జవాబు వస్తుంది. ముస్లిం ఇళ్లలో దానికి తోడు మరో ప్రశ్న కూడా వస్తుంది: “నీళ్లు తగ్గిస్తే మరి తహారత్ మాటేమిటి?” ఈ రెండవ ప్రశ్న వెనుక దైవభీతి ఉంది. కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

శుద్ధి చిన్న విషయం కాదు. మూత్రపు తుంపర్ల నుండి జాగ్రత్తపడనివాడు సమాధిలో శిక్షకు గురైన సంగతి హదీసులో ఉంది. అయితే నీళ్లు ఎక్కువ పోసేకొద్దీ శుద్ధి పెరుగుతుందా? ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలోనే మూత్ర విసర్జన చేసినప్పుడు దైవప్రవక్త (సఅసం) అక్కడ పోయించింది ఒక్క బొక్కెన నీళ్లు. ఆయన ఒక ముద్ నీటితో వుజూ చేసేవారనీ, ఒక సా మొదలు అయిదు ముద్‌ల వరకు నీటితో గుసుల్ చేసేవారనీ హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ముద్ కొలత విషయంలో పండితుల లెక్కలు కొద్దిగా వేరైనా, అది లీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. వుజూలో ఏ అవయవాన్నైనా మూడుసార్లకు మించి కడగడాన్ని ఆయన హద్దు మీరడంగా పేర్కొన్నారు. నది ఒడ్డున ఉన్నా నీళ్లు వృధా చేయవద్దన్న ఉల్లేఖనం మన ప్రసంగాలలో తరచూ వినిపిస్తుంది. దాని పరంపర బలహీనమని పలువురు ముహద్దిసులు అన్నారు. అది లేకపోయినా పై హదీసులు చాలు.

అసలు ఇక్కడ ఒక పొరపాటు జరుగుతోంది. మన శరీరాన్ని శుభ్రపరిచేది చెంబులోని నీరు లేదా జెట్ స్ప్రే నీరు. ఫ్లష్ ట్యాంకులోని నీరు శరీరాన్ని తాకనే తాకదు. మలినాన్ని గొట్టంలోకి నెట్టడమే దాని పని. దాన్ని తగ్గిస్తే ఇస్తింజాకు వచ్చే లోటేమీ లేదు. ఇస్తింజాకు కూడా మన హనఫీ ఫుఖహా ఇన్నిసార్లు కడగాలని లెక్క పెట్టలేదు, శుభ్రపడిందని నమ్మకం కలిగితే చాలన్నారు. వస్వాస్ ఉన్నవారికి మాత్రమే ఒక సంఖ్య చెప్పారు. అది కూడా వారు నీళ్లు పోస్తూ ఉండిపోకుండా ఆపడానికే!

ఇక లెక్క చూడండి. పాత ట్యాంకు ఒక్కసారి నొక్కితే సుమారు 10 లీటర్లు పోతాయి. రెండు మీటలున్న కొత్త ట్యాంకులో పెద్ద మీటకు 6, చిన్న మీటకు 3 లీటర్లు. ఆరుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు అయిదుసార్లు అనుకుంటే పాతదానికి 300 లీటర్లు అవుతాయి. అయిదింట ఒకసారి మాత్రమే పెద్ద మీట నొక్కితే కొత్తదానికి 108 చాలు. మిగిలిన 192 లీటర్లతో ఎన్ని వుజూలవుతాయో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బిందెలోకో ట్యాంకులోకో పట్టుకున్న నీరు పట్టుకున్నవాడి సొత్తేనని ఫిఖ్ అంగీకరిస్తుంది. దాన్ని అమ్ముకోవచ్చు కూడా. కాబట్టి “మా నీళ్లు” అనడంలో తప్పు లేదు. కానీ తినండి, తాగండి, దుబారా మాత్రం చేయకండని ‘అల్ అఆరాఫ్’ సూరా 31వ ఆయతులో అల్లాహ్ చెప్పింది ఎవరి అన్నం గురించి? మన కంచంలోని మన అన్నం గురించే కదా! సొంత సొమ్ము అనే మాట అక్కడ సాకుగా చెల్లలేదు. పైగా హైదరాబాదుకు కృష్ణా నీరు వంద కిలోమీటర్లకు పైగా పైపులలో, మోటార్లతో తోడించుకుంటూ వస్తోంది. మనం చెల్లించే బిల్లు అందులో కొంత భాగానికే. అపార్టుమెంటు బోరు అయితే మరీను, అడుగంటేది అందరి నీరు. 2024 వేసవిలో బెంగుళూరు పడిన అవస్థ చూశాం.

అలాగని బాగున్న కమోడును పగలగొట్టి, పక్కింటివారికి చూపించుకోవడానికి ఖరీదైనది తెచ్చుకుంటే అది మరో దుబారా. ముందు పాత ట్యాంకు కారుతోందేమో చూడండి. అందులో బట్టల నీలిమందు కొన్ని చుక్కలు వేసి, పావుగంట ఎవరూ నొక్కకుండా ఉంచండి. కమోడులో నీలి రంగు కనబడితే లోపలి రబ్బరు మార్పించాలి. దాని ఖర్చు స్వల్పం. నీళ్లు నింపి మూత బిగించిన సీసాను ట్యాంకులో పెడితే ఆ మేరకు నీరు తగ్గుతుంది. అయితే పాత కమోడుకు మరీ తక్కువ నీరు వదిలితే మలినం పూర్తిగా పోదు, రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది. అందుకే కొత్తది కొంటే ట్యాంకు, కమోడు ఒకదానికొకటి సరిపోయేవి అడిగి తీసుకోవాలి. ఏటవాలుగా ఉండే పల్లెటూరి బేసిన్‌లో ఒకటిన్నర, రెండు లీటర్లు చేత్తో పోసేవారు మార్చవలసిందేమీ లేదు. నగరంలోని బంధువుల కన్నా వారే మెరుగు.

మస్జిదు మరుగుదొడ్ల విషయంలోనైతే సొంత నీరన్న మాట ముతవల్లీ కూడా అనలేడు. అది వక్ఫ్ సొమ్ము. కారే ట్యాంకులను, వుజూఖానా కుళాయిలను కమిటీవారు రంజాన్ రద్దీకి ముందే, షాబాన్‌లోనే ప్లంబరును పిలిచి చూపించాలి.