సత్రములో స్థలము

ప్రభువు జనన వృత్తాంతమును కన్నులార చూడవలెనని విశ్వాసులు ఎల్లప్పుడు కోరిరి. 1223లో ఇటలీ దేశమందు గ్రెచ్చో అను ఊరిలో భక్తుడైన ఫ్రాన్సిస్ ఎండుగడ్డి పరచి, ఎద్దును గాడిదను నిలిపి, ఆ రాత్రిని జనులకు కనపరచెను. 1978లో విజయచందర్ క్రీస్తు పాత్ర ధరించిన ‘కరుణామయుడు’ చిత్రము ప్రభువు చరిత్రను తెలుగు మాటలతో తెరమీద చూపెను. అయితే మన దేవాలయములో పిల్లలాడు క్రిస్మస్ నాటకమే నాకు మిక్కిలి ప్రియము.

ఆ నాటకములో సత్రపువాడు తలుపు మూయును. లూకా 2:7 చదివి చూడుడి. సత్రములో స్థలము లేదన్న సంగతియే గాని, సత్రపువాని ప్రస్తావన అక్కడ లేదు. ఆ పాత్రను నాటకము కట్టినవారు చేర్చిరి. యాత్రికులతో సత్రములు నిండుట శ్రీకాళహస్తివారమైన మనకు తెలిసినదే. పండుగనాడు బీదవాడు మన గుమ్మమున నిలిచినయెడల ఆ వేషము మనదే. అప్పుడు తలుపు మూయుదుమా, తీయుదుమా?