కూలి లేని పని

వేల్సులోని టాలిలిన్ రైలుమార్గము మూతపడవలసియుండగా 1951లో స్వచ్ఛంద సేవకులు దానిని చేపట్టిరి. ఆ యేట బండ్లు లాగిన భారము దాదాపు అంతయు 1866 నాటి డోల్గోఖ్ అను ఆవిరి యింజను మీదనే పడెను. అది నేటికిని అచ్చటనే యున్నది.

ప్రియ చదువరులారా, డీజిలు యింజను సులువుగా లాగు బండికై తెల్లవారకముందే లేచి, బూడిద యెత్తి, నిప్పు రాజేసి, ఆవిరి పుట్టువరకు గంటల తరబడి కాచుకొనుట వ్యర్థము కాదా? ఆ కష్టము బీదలకొరకు పడరాదా? ఈ ప్రశ్నను మనము తేలికగా త్రోసివేయరాదు. కొందరికది వట్టి వేడుకయే. కానిండు, అందు తప్పేమి?

యినుము అద్దాల గదిలోనైనను నిలుచును. బాయిలరు గొట్టములు మార్చుట, మంట రంగు చూచి బొగ్గు వేయుట మాత్రము చేతిలోని విద్యలు; నేర్పువారు లేనియెడల ఒక్క తరములోనే పోవును. ఆ విద్య కొరకే యీ శ్రమ తగునని మేము తలంచుచున్నాము. ఇట్టి మార్గములలో క్రొత్తగా చేరిన పడుచువానికి మొదట నిచ్చునది తుడుచుగుడ్డ. బొగ్గు పార చేతికి వచ్చుట తరువాత. బండి నడుపుటకు ఇంకను యేండ్లు పట్టును.