సైకిల్ చైనూ మన సంస్కృతే

మన తెలుగు సంఘం సంచికల్లో పెద్దలు రాసే వ్యాసాలు చదివితే, మనమంతా పదహారేళ్ల వయసులో పోతన పద్యాలు వల్లెవేస్తూ, తులసికోట చుట్టూ తిరుగుతూ పెరిగామనిపిస్తుంది. ఇక్కడ, ఈ పరాయి దేశంలో పుట్టిన పిల్లలు అది నమ్మేసి, మనకూ తమకూ పోలికే లేదనుకుంటారు. నా సంగతి చెబుతాను. 1989లో ఇంటర్ చదివే నాకు పోతన అంటే ప్రతిపదార్థం, దానికి పడే మార్కులు. నెత్తికెక్కింది మాత్రం ‘శివ’ సినిమా.

ఆ ఏడాది అక్టోబరు 5న విడుదలైంది. రాంగోపాల్ వర్మకు అదే మొదటి సినిమా. విజయవాడ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకునేటప్పుడు చూసిన గొడవల్లోంచే ఈ కథ పుట్టిందని ఆయనే చెప్పారు. అప్పటిదాకా విలన్ అంటే ఓ డెన్ను, విగ్గు, వికటాట్టహాసం. రఘువరన్ వేసిన భవాని మాత్రం గొంతు పెంచడు. మామూలు చొక్కా వేసుకుని, తగ్గు స్వరంతో మాట్లాడతాడు. అలాంటివాళ్లు మా ఊళ్లోనూ ఉండేవారు కాబట్టే ఒళ్లు జలదరించింది. ఇక శివగా వేసిన నాగార్జున, కాలేజీ రౌడీ జేడీని కొట్టడానికి సైకిల్ చైను లాగినప్పుడు హాల్లో లేచిన కేకల్లో ఇళయరాజా సంగీతం కూడా వినబడలేదు. నిజానికి చైను అలా చేత్తో గుంజితే ఊడిరాదు, పిన్ను కొట్టి లింకు విప్పాలి. ఈ సత్యాన్ని మా క్లాసులో సగం మంది చేతులకు గ్రీజు పూసుకుని మరీ తెలుసుకున్నారు.

2025 నవంబరులో ‘శివ’ ఫోర్ కే హంగులతో మళ్లీ విడుదలయ్యాక, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. చైను దగ్గర ఈల నోటిదాకా వచ్చింది. కానీ ఈసారి కళ్లు శివ అన్నగా వేసిన మురళీమోహన్ వెంటే తిరిగాయి. అన్నావదినల ఇంట్లో ఉండి చదువుకునే తమ్ముడు బయట గొడవ పెట్టుకుంటే, అది చివరికి వాళ్ల చిన్నపిల్ల కీర్తిని బలి తీసుకుంటుంది. అప్పట్లో మాకది శివకు కోపం తెప్పించే సీను, అంతే. ఇప్పుడు చూస్తే కాసేపు ఊపిరాడలేదు.

“నువ్వయితే జేడీని కొట్టేవాడివా నాన్నా?” అంది అమ్మాయి.

“నేనా? ఆఖరి బెంచీ కింద దూరేవాణ్ని.”

“మరి ఎందుకంత నచ్చింది?”

అడగాల్సిన ప్రశ్నే. మా కాలేజీలోనూ దాదాలుండేవారు, మేమంతా తల దించుకుని పక్కనుంచి తప్పుకునేవాళ్లం. తల దించనివాడు ఒకడు తెర మీదైనా కనబడ్డాడు. అతణ్ని చూసి అప్పటి నా కుర్రమనసులో రగిలిన కోపం కన్నా మంచి గుణం నాకు తర్వాత ఏదీ అబ్బలేదనుకుంటాను. ఇక్కడికొచ్చాక వీసా, ఉద్యోగం, ఇంటి అప్పు అన్నీ కలిసి ‘మనకెందుకులే’ అన్న ఒక్క మాటే బాగా నేర్పాయి.

పోయినేడాది బడిలో కొత్తగా చేరిన పిల్లను కొందరు ఏడిపిస్తుంటే, మా అమ్మాయి అడ్డుపడి ప్రిన్సిపాల్ దాకా వెళ్లింది. ఈ మొండితనం ఎవరి పోలిక అని ఇంట్లో చాన్నాళ్లు వాదన నడిచింది. సినిమా చూశాక మా ఆవిడ ఆ నేరం నా మీదే వేసింది. ఒక్క తేడా ఉంది. అమ్మాయి చైను ముట్టకుండానే పని కానిచ్చింది, ఆ లెక్కన శివ కన్నా నయం.

అందుకే మన సంఘానికో మనవి. వచ్చే ఉగాదికి పిల్లల పద్యాల పోటీతోపాటు పెద్దలకూ ఓ అరగంట కేటాయించండి. పదహారేళ్లప్పుడు పిచ్చెక్కించిన సినిమా ఏదో, ఎందుకో ఒక్కొక్కరూ వేదికెక్కి చెప్పాలి. ప్రశ్నలడిగే మైకు పిల్లల చేతిలో ఉండాలి. ఎవరైనా ‘శంకరాభరణం’ అంటే మాత్రం, ఊళ్లో ఉన్న వాళ్ల తమ్ముడికి ఫోను చేసి కనుక్కున్నాకే చప్పట్లు.