తిరిగి పిలిస్తే వస్తుందా?

మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటున్నాయి. వాటిలో ఒకదాని జన్యువులు మార్చి మందుగా మింగించడం తగునా?

2025లో వెలువడిన ఒక పరిశోధన చూడండి. మూత్రపిండాల్లో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేటును తినేలా శాస్త్రజ్ఞులు ఒక పేగు బాక్టీరియాను మార్చారు. సముద్రపు నాచులోని ఒక చక్కెర అందితేనే అది నిలవాలి, ఆపితే పోవాలి. అదే దాని కళ్ళెం. కాని కొందరిలో అది కళ్ళెం తెంపుకొంది.

బాధపడే రోగికి వైద్యం వద్దనడం దయ కాదు. అయితే మాత్ర ప్రభావం కొంతసేపటికి తగ్గిపోతుంది. జీవి సంతతిని పెంచుకుంటుంది, తల్లి నుండి బిడ్డకూ చేరవచ్చు. రోగి తన శరీరానికి సమ్మతి ఇవ్వగలడు. ఆ బిడ్డ తరఫున ఎవరిస్తారు?

కాబట్టి నయం చేస్తుందా అని మాత్రమే కాదు, తిరిగి పిలిస్తే వస్తుందా అని కూడా అడగండి. అది తేలేదాకా ఆగడం పిరికితనం కాదు, పొరుగువాని పట్ల బాధ్యత.