పిడుగు తర్వాత అదే యంత్రమా?

పిడుగుపాటుకు పాడైన డీవీఆర్‌కు (సీసీ కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టెకు) బోర్డు మారిస్తే అది పాత యంత్రమేనా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో గాలివానల కాలంలో తలెత్తే ఈ ప్రశ్న తత్త్వశాస్త్రానికి కొత్తది కాదు. పిడుగు దగ్గర్లో పడినా చాలు, కెమెరాల పొడవాటి కేబుళ్ల గుండా, కరెంటు తీగ గుండా అధిక వోల్టేజీ లోపలికి చేరుతుంది. మరమ్మతులో ముందు 12 వోల్టుల అడాప్టర్‌ను, తర్వాత పోర్టులను, బోర్డును పరీక్షిస్తారు. హార్డ్ డిస్క్ బతికుంటే రికార్డింగులు దక్కవచ్చు. కొత్త బోర్డు దాన్ని ఫార్మాట్ చేయమంటే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇక బోర్డు మారాక అది పాత యంత్రమేనా అన్న ప్రశ్నకు వస్తే, భాగాలకన్నా వేరుగా వస్తువంటూ లేదని బౌద్ధులు అంటారు. ‘మిలింద పన్హ’ అనే బౌద్ధ గ్రంథంలోని రథం చర్చ చెప్పేది అదే. వస్తువు భాగాలకన్నా వేరని న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల వాదం. అయినా భాగం మారితే పాతది నశించి కొత్తది పుడుతుందని వారే అంటారు. లోకవ్యవహారం ఇంత కఠినంగా ఉండదు. ఉదాహరణకు, శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి కాపాడటానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విడదీసి అలంపురంలో తిరిగి కట్టారు. అక్కడ చోటు మారినా రాళ్లు అవే. భక్తులకు గుడీ అదే. డీవీఆర్‌లో చోటు మారదు, భాగం మారుతుంది. దాచిన దృశ్యాలు మిగిలితే యజమానికి అది పాత యంత్రమే. అవి పోతే, పెట్టె పాతదైనా, పేరు మాత్రమే మిగులుతుంది.