చెయ్యెత్తడం నేర్చుకో

పంజాగుట్ట

చిన్నారీ,

మొన్న ఆదివారం మా ఇంట్లో పప్పన్నం కలుపుకుని కూడా ముద్ద ఎత్తలేదు నువ్వు. ఇంటర్ కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీల్లో వరసగా నాలుగో మ్యాచ్ పోయిందన్నావు. రిఫరీది పక్షపాతమన్నావు, పీడీ మేడమ్ పట్టించుకోరన్నావు, జూనియర్లకు శ్రద్ధ లేదన్నావు. చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని ‘అంతా నా తప్పే పెద్దమ్మా’ అన్నావు. నిన్ను మెట్రో ఎక్కించి వచ్చాక రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది.

తల్లీ, తప్పు పక్కవాళ్ళ మీదికి నెట్టడం ఎంత సులువో, అంతా నాదే అనడమూ అంతే సులువు. రెండిట్లోనూ ఆ తప్పేమిటో తేలదు. తేలనిదాన్ని దిద్దుకోలేం.

మా రోజుల్లో ఫౌల్ చేసినవాళ్ళు స్కోరర్ బల్ల వైపు తిరిగి చెయ్యెత్తాలి. ఇప్పుడు నీలాగే నేనూ కెప్టెన్‌గా ఉండగా ఒక మ్యాచ్‌లో బుట్ట కింద తోపులాటలో చెయ్యి తగిలించింది నేను. రిఫరీ మా జట్టులోని కొత్తమ్మాయి నంబరు చెప్పాడు. ఆమెకది అయిదో ఫౌల్, అంటే ఇక ఆటలోంచి బయటికే. నా వంక చూసింది. నేను తలొంచుకుని జడ బిగించుకున్నాను. ఆ పిల్ల చెయ్యెత్తి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మ్యాచ్ గెలిచాం. మర్నాటి నుంచి ప్రాక్టీసులో ఏం చెప్పినా ‘సరే అక్కా’ అనేవాళ్ళు. నా కళ్ళలోకి మాత్రం ఎవరూ చూసేవాళ్ళు కారు.

నాది కాదన్నట్టు నేను తలొంచుకున్నాను. అలా అనుకోనివాళ్ళూ ఉన్నారు. అమెరికాలో ప్యాట్ సమిట్ అని ఒకావిడ 1974లో, 22 ఏళ్ళ వయసులో, టెనెసీ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకు కోచ్ అయింది. జీతం నెలకు 250 డాలర్లు. వ్యాను తనే నడిపేది, జెర్సీలు తనే ఉతికేది. మొదటి మ్యాచ్ 84-83తో పోయింది. 2012లో తప్పుకునే నాటికి 1,098 గెలుపులు, 8 జాతీయ టైటిళ్ళు. ఆ అంకెలకన్నా నాకు ఆ ఉతికిన జెర్సీలే ఎక్కువ గుర్తొస్తాయి. జట్టుకు కావలసిన ఏ పనినీ ఆవిడ నాది కాదనుకోలేదు.

రేపు పిల్లల్ని కూర్చోబెట్టు. ‘మూడో క్వార్టర్‌లో నేను అలిసిపోయి డిఫెన్స్‌కు వెనక్కి పరిగెత్తలేదు. కొత్తమ్మాయి ఖాళీగా ఉన్నా పాస్ ఇవ్వలేదు’ అని, జరిగింది జరిగినట్టు చెప్పు. చెప్పి ఊరుకో. మిగతావాళ్ళను నిలదీయకు. వాళ్ళ మాట వాళ్ళనే చెప్పనీ.

తర్వాత పీడీ మేడమ్ దగ్గరికి వెళ్ళు. అమీర్‌పేట హాస్టల్ పిల్లలు గేటు మూస్తారన్న భయంతో ప్రాక్టీసు మధ్యలోనే వెళ్ళిపోతున్నారన్నావుగా, వార్డెన్లకు కాలేజీ తరఫున ఉత్తరం రాయమని అడుగు. పెద్దవాళ్ళకు వాళ్ళ బాధ్యత గుర్తు చెయ్యడమూ కెప్టెన్ పనే. నీ వంతు ఒప్పుకుని వెళ్ళావంటే గొంతు వణకదు.

ఆ రోజు చెయ్యెత్తిన పిల్లకు ‘ఆ ఫౌల్ నాది’ అని నేనింతవరకు చెప్పలేదు. నలభై ఏళ్ళు దాటింది. ఆమె ఇప్పుడెక్కడుందో కూడా తెలియదు. నువ్వు అంత ఆలస్యం చెయ్యకు తల్లీ.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ