బావ, కుక్క, స్వర్గారోహిణి

మేం వెళ్ళింది మంచు చిరుత కోసం. పైకి ఎవరూ అనలేదు గానీ అందరికీ లోపల అదే. మేం ఎక్కిన కొండ కేదార్‌కంఠ ఉన్నది గోవింద్ పశువిహార్‌లో. 1955 నుంచీ అభయారణ్యం, మంచు చిరుతలు తిరిగే అడవి. బయల్దేరే ముందు ఇంతవరకూ చదువుకున్నాం. నడక మొదలయ్యే ఊరు సాంక్రీలో మాకు జతపడ్డ గైడు కుర్రాడి దగ్గర ఈ మాట ఎత్తితే నవ్వాడు. "అది మిమ్మల్ని చూస్తే చూడొచ్చు సర్‌జీ, మీకు మాత్రం కనబడదు" అన్నాడు. డబ్బు కట్టి వచ్చినవాళ్ళతో అనాల్సిన మాట కాదు.

కనబడ్డవి వేరే. ఒక కుక్క, కొన్ని కొండముచ్చులు, సామాన్లు మోసే కంచరగాడిదలు, ఒక మోనాల్ పిట్ట, శిఖరం మీద కాకుల్లాంటివి నాలుగు. డెహ్రాడూన్ నుంచి 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు మీద కడుపులో తిప్పుకుంటూ పోయింది వీటి కోసమా అని మా ఇంట్లో అడిగారు. తిరిగొచ్చి నెలైంది. చిరుత ఊసు ఎవరం ఎత్తడం లేదు. ఫోన్ చేసుకుంటే కుక్క గురించే మాట్లాడుకుంటున్నాం.

నలుగురం ఒకే హాస్టల్లో ఉన్నవాళ్ళం. యాభైకి దగ్గరపడ్డాం. ఒకడు తెలుగు లెక్చరరు, ఒకడు బ్యాంకు, నేను, బావ. ఎవరికి బావో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఫస్టియర్లో ఎవడో పిలిచాడు, అందరికీ బావైపోయాడు. మా పిల్లలు కూడా "బావ అంకుల్" అంటారు. మనిషి భారీ, తిండి దగ్గర మొహమాటం లేదు, మోకాలు మాత్రం ఎప్పటినుంచో సతాయిస్తోంది. వస్తానన్నప్పుడు మేం ముగ్గురం వేరే గ్రూపులో మాట్లాడుకున్నాం. వద్దనలేకపోయాం.

కుక్క సాంక్రీ దాటగానే కలిసింది. నల్లది. మెడ చుట్టూ జూలులా దట్టమైన బొచ్చు, ఎడమ చెవికి పాత గాటు. మేం పిలవలేదు, బిస్కెట్ చూపించలేదు. తనంతట తనే ముందు నడిచేది, మలుపులో ఆగి మేం కనబడ్డాక మళ్ళీ నడిచేది. లెక్చరరు దానికి భైరవ అని పేరు పెట్టాడు. గైడు షేరూ అన్నాడు. కొండ దిగుతున్న వేరే గుంపులో ఒక అమ్మాయి "కాలూ" అని పిలిస్తే ఆ పేరుకీ తోక ఊపింది. అప్పుడే మాకు అర్థం కావాల్సింది.

దారి ఇరుకైన చోటల్లా గైడు "పహాడ్ సైడ్!" అని కేకేసేవాడు. కంచరగాడిదలు వస్తుంటే కొండ వైపు ఆనుకుని నిలబడాలి. లోయ వైపు నిలబడితే వాటి మీది మూట తగిలి కిందికి పోతాం. వాటి మెడ గంటలు మలుపు అవతల ఉండగానే వినబడతాయి. అలా నిలబడి ఉన్నప్పుడే అక్కడి కథ చెప్పాడు. శివుడు మొదట ఈ కొండ మీదే ధ్యానంలో కూర్చున్నాడట. ఆవు మెడ గంట చప్పుడుకి ధ్యానం చెదిరి, లేచి కేదార్‌నాథ్ వెళ్ళిపోయాడట. బావకి ఈ కథ తెగ నచ్చింది. "ఆవుదేముందిరా, దాని మేత అది మేస్తోంది. లేచి వెళ్ళిపోయినాయనది కదా తంటా" అన్నాడు, ఆయాసపడుతూనే.

కొండముచ్చుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మన గుళ్ళ దగ్గరి కోతుల్లా చేతిలోది లాక్కోవు. ఓక్ చెట్ల మీద నుంచి దూకినప్పుడల్లా కొమ్మల మీది మంచు మా మెడల్లో పోశాయి, అంతే.

మోనాల్ సంగతి చెప్పాలి. రెండో రోజు. గడ్డకట్టిన జుడా కా తాలాబ్ చెరువు దాటి చాలాసేపయింది. బావ వెనకబడ్డాడు. మేం ముగ్గురం ఓ మలుపులో కూలబడి, విసుగు కనబడకుండా నీళ్ళు తాగుతున్నాం. మాట్లాడుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఆ నిశ్శబ్దంలో "చక్ చక్" అని ఎవరో గునపంతో తవ్వుతున్న చప్పుడు. చూస్తే పదడుగుల దూరంలో ఒక దేవదారు మొదట్లో. తల ఆకుపచ్చ, దాని మీద సన్నటి పుల్లలకి చివర చిన్న గరిటెలు అతికించినట్టు తురాయి. మెడ దగ్గరికొచ్చేసరికి రాగి బిందెని చింతపండుతో అప్పుడే తోమినట్టుంది. ఒళ్ళు నీలం, తల తిప్పితే ఊదా. ఉత్తరాఖండ్ రాష్ట్ర పక్షి అది. చలికాలం పైనుంచి ఈ అడవుల్లోకి దిగుతుంది. వంకీ ముక్కుతో మంచును పక్కకి నెట్టి, కింద నేల తవ్వి, దుంపలేవో తింటోంది. తెల్లటి మంచు మీద తడిమట్టి చిందుతోంది. నాకు ఆ రంగుల కంటే ఆ మట్టే ఎక్కువ గుర్తుంది. అంత అలంకారం వేసుకుని, కూలిపని చేసుకుంటున్న మనిషిలా దించిన తల ఎత్తకుండా తవ్వుతోంది. మేమున్నామని దానికి తెలుసు. తెలిసీ తవ్వుతోంది.

వెనక నుంచి బావ కర్ర చప్పుడు, రొప్పు. పిట్ట ఈల వేసినట్టు అరిచి, లోయలోకి జారిపోయింది. వీపు మీద తెల్లటి మచ్చ ఒక్క క్షణం కనబడింది.

"నీ వల్లే పోయింది" అన్నాను. అక్కడితో ఆగలేదు. "అసలు నువ్వు రాకుండా ఉండాల్సింది బావా."

బావ నవ్వి, నా చేతిలోని సీసా తీసుకుని నీళ్ళు తాగాడు. వాడు వేగంగా నడిచి ఉంటే మేం ఆ మలుపులో కూర్చునేవాళ్ళమే కాదు, పిట్టని చూసేవాళ్ళమే కాదు. ఈ మాట నాకు ఆ రాత్రి టెంటులో తట్టింది. చెప్పడానికి వాడు పక్కనే ఉన్నాడు. చెప్పలేదు.

ఆ రాత్రే కుక్క మా టెంటు దగ్గరికొచ్చి గుడ్డని ముక్కుతో పొడిచింది. బయట మైనస్ 10 ఉంటుందని గైడు అన్నాడు. పగలంతా దానికి బిస్కెట్లు పెట్టి, దాంతో ఫోటోలు దిగిన మేం లోపల ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్లీపింగ్ బ్యాగులు అద్దెవి. తడి కుక్క. "పాపం" అంటూనే జిప్పు పైదాకా లాగింది నేనే. కాసేపు నిలబడి, వెళ్ళిపోయిన అలికిడి. నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

శిఖరానికి బయల్దేరడానికి రెండింటికి లేచాం. టార్చి వేస్తే కనబడింది. మంచులో చిన్న గుంట చేసుకుని, తోక కింద ముక్కు దాచుకుని చుట్టచుట్టుకు పడుకుంది. వీపు మీద వేలెడు మంచు. కంగారుగా చెయ్యి వేస్తే, ఆ మంచు కింద బొచ్చు పొడిగా ఉంది, లోపల వెచ్చగా ఉంది. ఒంటి వేడి బయటికి రాకపోవడం వల్లే మీద పడ్డ మంచు కరగలేదు. లేచి ఒళ్ళు దులుపుకుంది. నా పశ్చాత్తాపం దానికి ఎందుకూ పనికిరాలేదు.

బావ మోకాలు పొంగింది. "మీరు పోయి రండిరా" అన్నాడు. మేం ఎక్కువసేపు బతిమాలలేదు. కుక్క మాతో పది అడుగులు వేసి ఆగింది. మా వైపు చూసింది, టెంట్ల వైపు చూసింది, వెనక్కి వెళ్ళిపోయింది.

పైన 12,500 అడుగులు. పేర్చిన రాళ్ళు, త్రిశూలం, చెంపలు కోసే గాలి. వెలుతురు పడ్డాక గైడు ఒక్కో కొండనీ చూపించాడు. బందర్‌పూంఛ్, కాలానాగ్, స్వర్గారోహిణి. ఆ చివరి పేరు వినగానే లెక్చరరు తిక్కన గారి భారతం దగ్గరికి వెళ్ళిపోయాడు. వాడి ఉద్యోగం అది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒక్కొక్కరే కూలిపోవడం, ధర్మరాజు వెంట కుక్క ఒక్కటే మిగలడం. పసుపు ముక్కు కాకులు మా కాళ్ళ దగ్గర పల్లీ పట్టీ ముక్కలు ఏరుకుంటున్నాయి. ఎవరెస్టు ఎక్కేవాళ్ళ వెంట 8,200 మీటర్ల దాకా పోయిన జాతి అది. వాటికీ మనుషుల తోడంటే ఇష్టమేనని సరదాగా అనుకోవచ్చు.

మా నాయనమ్మ ఈ కథలో కుక్క యమధర్మరాజుగా మారే చోట గొంతు పెంచేది. అప్పుడు ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు ఆ మలుపు మీద నాకు గురి తగ్గింది. కుక్కని వదిలి స్వర్గానికి రథం ఎక్కనన్న నిమిషాన ధర్మరాజు పక్కన ఉన్నది ఒట్టి కుక్కే కదా. కథ అక్కడ ఆపేస్తే ఆయనకేం తక్కువ? మనకే జీర్ణం కాదు. అది దేవుడని తేలితే గానీ పెట్టిన ఖర్చు గిట్టుబాటైనట్టు అనిపించదు. నేను రాత్రి కంగారుపడిందీ అలాంటిదే. లోపలికి రానివ్వని కుక్క ఇంకేదో అయి ఉంటుందేమోనని. అది కుక్క. పొద్దున్న కూడా కుక్కే.

కానీ ఆ గాలిలో నిలబడి ఉండగా గుచ్చుకున్నది వేరే. తమ్ముళ్ళు కూలుతుంటే ధర్మరాజు వెనక్కి తిరిగి చూడలేదు. భీముడు అడిగినప్పుడల్లా ఒక్కొక్కరి నేరం చెప్పాడు. ఒకడికి తెలివి మీద గర్వం, ఒకడికి అందం మీద. చివరికి అడిగిన భీముడికే తిండి యావ, బలం మీద డాంబికం. జీవితమంతా కలిసి బతికితే అన్ని పద్దులు పేరుకుంటాయి మరి. దారిలో కలిసిన కుక్క మీద ఏ పద్దూ ఉండదు, దయ చూపించడం సులువు. ధర్మరాజు సంగతి పెద్దలు చెప్పాలి. నా సంగతి నాకు తెలుసు. నా దయ బిస్కెట్ల దాకా వెళ్ళి, జిప్పు దగ్గర ఆగింది. బావ దాకా అసలు రానేలేదు.

దిగొచ్చేసరికి బావ కిచెన్ టెంటు బయట టీ తాగుతున్నాడు. కుక్క గడ్డం వాడి బూటు మీద ఆనించి పడుకుంది.

"చూశావా, నీ కోసం ఉండిపోయింది" అన్నాను.

"నా కోసం కాదురా. లోపల పరాఠాలు కాలుతున్నాయి."

మర్నాడు సాంక్రీ ఇంకో అరగంట ఉందనగా, పైకెక్కుతున్న కొత్త గుంపు ఎదురైంది. కాలేజీ పిల్లలు. కుక్క ఆగి, వాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి, వాళ్ళ ముందు నడవడం మొదలుపెట్టింది. లెక్చరరు "భైరవా" అని పిలిచాడు, కాస్త గట్టిగానే. మలుపులో ఆగింది. ఆగింది ఆ పిల్లల కోసం.

బావ జేబులోంచి రేకు కాగితం పొట్లం తీశాడు. దాని కోసం పొద్దున్నే దాచిన పరాఠా. కాసేపు చేతిలో పట్టుకుని, మధ్యకి చించి సగం నాకిచ్చాడు. చల్లారి అట్టలా ఉంది. నములుతూ వాడి నడకకి తగ్గట్టే నడిచాను. మిగతా ఇద్దరూ ఎప్పుడో మలుపు దాటిపోయారు.